సిన్‌దొక్ రాణి: జీవితం, మరణానంతర హోదా

సిన్‌దొక్ రాణి (1356–1396) కొరియాలో జోసన్ రాజ్యాన్ని స్థాపించిన థేజో రెండో భార్య. ఆ రాజ్యానికి తొలి పట్టపురాణి కూడా ఆమే. ఆమె పుట్టినిల్లు గోక్సాన్ ఊరి కాంగ్ వంశం. సొంత పేరు చరిత్రలో మిగల్లేదు. బతికున్న రాజు భార్యను జోసన్ పద్ధతిలో ‘వాంగ్బి’ అంటారు. ‘వాంగ్హు’ అన్నది ఆమె పోయాక ఇచ్చే బిరుదు, దాని ముందు చేర్చే గుణవాచకం కూడా అప్పుడు పెట్టేదే. కాబట్టి ‘సిన్‌దొక్’ అన్న పిలుపు ఆమె చెవిన ఎన్నడూ పడలేదు. బతికున్నప్పుడు ఆమె బిరుదు ‘హ్యొన్‌బి’.

సవతి కొడుకు థేజోంగ్ పగబట్టి ఆమెను ఉంపుడుగత్తె స్థాయికి దించాడనీ, 1669లో ఆమెకు హోదా తిరిగి దక్కిందనీ ఆమె గురించి క్లుప్తంగా చెప్పేస్తుంటారు. ఇది తప్పు కాదు గాని, జరిగిన తీరును దాచేస్తుంది. పదవి రద్దు చేస్తున్నామని చాటి ఆమెను దించలేదు. సమాధి స్థలం, దాని రాళ్లు, పూజ స్థాయి, వంశాలయంలో చోటు ఒక్కొక్కటే తీసేశారు. అందుకు తగిన మాటలు ఆ తర్వాత వచ్చాయి. రద్దు చేయడానికి ఒక ఆజ్ఞ అంటూ లేకపోవడం వల్లే ఆమె చోటు ఆమెకు తిరిగి రావడానికి సుమారు 260 ఏళ్లు పట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. ఇందులో నెలల లెక్క చాంద్రమానం ప్రకారం ఉంది.

వివాహం: ఊరి భార్య, రాజధాని భార్య

గోర్యో రాజ్యం (918–1392) చివరి రోజుల్లో పెద్ద ఉద్యోగులకు సొంత ఊళ్లో ఒక భార్య, రాజధాని కేసొంగ్‌లో ఒక భార్య ఉండటం వాడుక. మొదటామెను ఊరి భార్య అనీ రెండో ఆమెను రాజధాని భార్య అనీ అనేవారు. ఇద్దరివీ పెళ్లిళ్లే. థేజో, అంటే అప్పటి సేనాని యి సొంగ్యే, ఈశాన్య సరిహద్దు ప్రాంతం నుంచి వచ్చినవాడు. యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నా రాజధాని పెద్ద కుటుంబాల్లో అతనికి వేళ్లు లేవు. ఊరి భార్య హాన్‌కు ఆరుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఆమె ఐదో కొడుకు బాంగ్వన్ తర్వాతి కాలంలో రాజు థేజోంగ్ అయ్యాడు. రాజధాని భార్య కాంగ్ తండ్రి కాంగ్ యున్‌సొంగ్ గోర్యో కొలువులో పలుకుబడి ఉన్న కుటుంబం మనిషి. ఈ సంబంధంతో యి సొంగ్యేకు రాజధానిలో ఇల్లు, చుట్టరికం రెండూ ఏర్పడ్డాయి. అతనికన్నా ఆమె 21 ఏళ్లు చిన్నది. ఆమెకు బాంగ్‌బొన్, బాంగ్‌సొక్ అని ఇద్దరు కొడుకులు, తర్వాతి కాలంలో గ్యొంగ్‌సున్ యువరాణి అయిన కూతురు పుట్టారు.

వీళ్ల తొలి కలయిక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. దాహంతో బావి దగ్గరికి వచ్చిన సేనానికి ఆమె నీళ్లపై విల్లో ఆకులు వేసి ఇచ్చిందట, గబగబా తాగి పొలమారకుండా ఆకులు ఊదుకుంటూ మెల్లగా తాగాలని. ఇదే కథ గోర్యో స్థాపకుడు వాంగ్ గొన్‌కూ నాజు ఊరి అమ్మాయికీ కూడా చెబుతారు. కాబట్టి దీన్ని జీవిత చరిత్రలోని ఘటనగా తీసుకోలేం. రాజ్యస్థాపకుడి భార్యకు తగిన కథగా జనం దీన్ని ఆమెకు అంటగట్టారంటే మాత్రం, వాళ్ల దృష్టిలో ఆమె స్థానమేమిటో తెలుస్తుంది.

రాజ్యస్థాపనలో పాత్ర

1388లో యి సొంగ్యే విహ్వా దీవి నుంచి సైన్యాన్ని వెనక్కి తిప్పి గోర్యో కొలువును ఎదిరించాడు. అప్పుడు అతని భార్యలిద్దరూ పోచొన్ ప్రాంతంలోని వేర్వేరు పొలాల ఇళ్లలో ఉన్నారు. శత్రువుల చేతికి చిక్కకుండా రెండు కుటుంబాలనూ ఈశాన్యం వైపు తరలించినవాడు 21 ఏళ్ల బాంగ్వన్. పసివాళ్లైన సవతి తమ్ముళ్లను అతనే ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాడని రాజవృత్తాంతం చెబుతుంది. బాంగ్వన్ చదువుకుంటుంటే విని, ఈ పిల్లవాడు నా కడుపున పుట్టలేదే అని కాంగ్ వాపోయేదన్న మాట కూడా అందులోనే ఉంది. 1392లో యి సొంగ్యే హేజు దగ్గర గుర్రం మీంచి పడి మంచాన ఉన్నప్పుడు, తల్లి సమాధి దగ్గర సంతాపంలో ఉన్న బాంగ్వన్‌ను పిలిపించింది ఆమే. గోర్యోకు విధేయుడైన మంత్రి జొంగ్ మోంగ్జును బాంగ్వన్ మనుషులు చంపినప్పుడు తండ్రి మండిపడ్డాడు. కొడుకు పక్షాన మాట్లాడి తండ్రిని నిలువరించింది కూడా ఆమేనంటారు.

ఈ వృత్తాంతాలను ఎంతవరకు నమ్మాలన్నది ప్రశ్నే. థేజో రాజవృత్తాంతం 1413లో, థేజోంగ్ ఏలుబడిలోనే, అతనికి అత్యంత సన్నిహితుడైన హా ర్యున్ ఆధ్వర్యంలో తయారైంది. బాంగ్వన్‌ను గొప్పగా చూపే ఘట్టాలు అందులో చేరడం సహజం. అయితే ఆ లెక్కన ఆమెను మంచిగా చూపే ఘట్టాలు అందులో ఉండనక్కరలేదు. తొలగించడానికి అవకాశం ఉండి కూడా తొలగించని ఇలాంటి వివరాలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. 1392కు ముందు ఆమె, బాంగ్వన్ ఒకే పక్షంలో పనిచేసిన మనుషులని వీటి నుంచి తెలుస్తుంది. పగ మొదటినుంచీ ఉన్నది కాదు.

యువరాజు ఎంపిక

1392 ఏడో నెలలో యి సొంగ్యే సింహాసనమెక్కాడు. ఊరి భార్య హాన్ అంతకు ముందు ఏడాదే పోయింది. కాంగ్ హ్యొన్‌బి అయింది. ఎనిమిదో నెలలో పదేళ్ల బాంగ్‌సొక్‌ను యువరాజుగా ప్రకటించారు. రాజు మొదట బాంగ్‌బొన్ వైపు మొగ్గాడనీ, అతని నడవడి బాగోలేదు, కాంగ్ కొడుకే కావాలంటే చిన్నవాడు మేలని మంత్రులు అన్నారనీ వృత్తాంతం చెబుతుంది. రాజ్యస్థాపనకు చేతులు రక్తం చేసుకున్న 25 ఏళ్ల బాంగ్వన్‌కు దక్కింది ఏమీ లేదు.

ఇక్కడ తప్పంతా ఆమెదేనని, కొడుకు మీది మమకారంతో రాజ్యాన్ని చీల్చిందని ఒక వాదన ఉంది. ఆమె పట్టుబట్టి ఉండవచ్చు, అందులో ఆశ్చర్యమూ లేదు. కానీ ఆ నిర్ణయం జొంగ్ దోజొన్ వంటి మంత్రులకూ అనుకూలమే. సొంత సైన్యం ఉన్న పెద్ద యువరాజుకన్నా కొలువులో పెరిగే పిల్లవాడు మంత్రుల పాలనకు బాగా సరిపోతాడు. పైగా పట్టపురాణి కొడుకునే యువరాజును చెయ్యాలంటే, అప్పటికి బతికున్న పట్టపురాణి ఒక్కతే. ఇద్దరిలో అసలు భార్య ఎవరన్న ప్రశ్నకు థేజో ఆ రోజు తన చర్యతో జవాబు చెప్పాడు. తర్వాతి రెండున్నర శతాబ్దాల వివాదమంతా ఆ జవాబు చెల్లుతుందా లేదా అన్న దాని చుట్టే తిరిగింది.

మరణం, తొలి సమాధి

1396 ఎనిమిదో నెలలో, నలభై ఏళ్ల వయసులో, అంతఃపుర ఉద్యోగి యి దుక్‌బున్ ఇంట్లో ఆమె కన్నుమూసింది. కొలువూ అంగళ్లూ పది రోజులు మూతపడ్డాయి. సమాధికి చోటు వెతకడానికి రాజు స్వయంగా తిరిగాడు. చివరికి కొత్త రాజధాని హాన్యాంగ్ గోడల లోపలే, రాజభవనానికి దగ్గర్లో స్థలం కుదిరింది. సమాధికి జొంగ్నుంగ్ అని పేరు పెట్టారు. ఇప్పటి సియోల్ నడిబొడ్డున ఉన్న జొంగ్‌దోంగ్ పేటకు ఆ పేరు ఈ సమాధి వల్లే వచ్చింది. పక్కనే 1397లో హుంగ్‌చొన్‌సా అనే బౌద్ధ ఆలయం కట్టించారు. అక్కడ రాణి కోసం మోగే గంట వినబడ్డాకే రాజు భోజనానికి కూర్చునేవాడని చెప్పుకుంటారు. తానూ ఆమె పక్కనే పడుకోవాలన్నది అతని కోరిక.

1398 ఎనిమిదో నెలలో బాంగ్వన్ తిరగబడ్డాడు. ఆమె కొడుకులిద్దరూ, అల్లుడు యి జే, మంత్రి జొంగ్ దోజొన్ హతమయ్యారు. గుర్రం మీద ఎక్కించిన ఆ పిల్లలకు అప్పటికి పదహారు, పదిహేడేళ్లు. థేజో గద్దె దిగాడు. ఏడాది తర్వాత మిగిలిన ఒక్క కూతురినీ తండ్రే తల గొరిగించి బౌద్ధ సన్యాసినిని చేశాడు, ఆ సమయంలో కన్నీరు పెట్టుకున్నాడు. బాంగ్వన్ ముందు అన్న జొంగ్జోంగ్‌ను గద్దెనెక్కించి, 1400లో తాను రాజయ్యాడు. కన్నతల్లి హాన్‌కు ‘సినుయి వాంగ్హు’ బిరుదు జొంగ్జోంగ్ కాలంలోనే వచ్చింది.

హోదా తగ్గింపు: ముందు రాళ్లు, తర్వాత మాటలు

ఇక్కడి నుంచి తేదీలు జాగ్రత్తగా చూడాలి. 1405లో రాజధాని మళ్లీ హాన్యాంగ్‌కు మారింది. 1406లో జొంగ్నుంగ్ చుట్టూ నూరు అంగల హద్దు మాత్రం ఉంచి, ఆపైన ఇళ్లు కట్టుకోవచ్చన్నారు. మంచి స్థలాల కోసం పెద్ద మంత్రుల ఇళ్లవాళ్లు పోటీ పడ్డారు. 1408లో థేజో పోయాడు. అతన్ని ఆమె పక్కన కాకుండా రాజధానికి తూర్పున గొన్‌వొల్లుంగ్‌లో ఖననం చేశారు. 1409 రెండో నెలలో ఆమె సమాధిని నగరం గోడల బయటికి, ఇప్పటి జొంగ్నుంగ్‌దోంగ్ కొండల్లోకి మార్చారు. పాత చోట ఉన్న పూజామండపం కలపను చైనా రాయబారుల విడిది కట్టడానికి వాడారు. 1410లో వరద వచ్చి నగరం మధ్య వాగు మీది గ్వాంగ్‌థోంగ్గ్యో వంతెన కొట్టుకుపోతే, సమాధి దిబ్బ చుట్టూ నిలబెట్టిన చెక్కుడు రాతి పలకలతో కొత్త వంతెన కట్టారు. అదే ఏడాది థేజో నామఫలకాన్ని రాజవంశాలయం జోంగ్మ్యోలో ప్రతిష్ఠించారు. ఆయన పక్కన సినుయి ఫలకం ఒక్కటే పెట్టారు.

దీనికంతటికీ కారణం పగ అని తేల్చేయడం సులువు. కానీ పగే కారణమైతే రాజైన తర్వాత ఎనిమిది తొమ్మిదేళ్లు ఆగనక్కరలేదు. తండ్రి బతికుండగా భయం అడ్డొచ్చిందంటే, అది కొంతవరకు నిజమే. అయితే పగ సంగతి పక్కనపెట్టినా సమాధి తరలింపుకు మంత్రిమండలి చెప్పిన కారణం ఉత్త సాకు కాదు. పూర్వపు రాజుల సమాధులన్నీ నగరం బయటే ఉన్నాయి, ఇదొక్కటే లోపల, అదీ విదేశీ రాయబారుల విడిదికి దగ్గర్లో ఉందన్నది వాళ్ల మాట. జోసన్ ధర్మశాస్త్రం తర్వాత రాజధానికి పది ‘రీ’ల (పాత కొరియా దూరమానం) లోపల ఎవరినీ పాతిపెట్టకూడదని నియమం చేసింది. కాబట్టి తరలింపును ఒక్కదాన్నే చూస్తే అది పట్టణ నిర్వహణ అనిపించవచ్చు. అలా అనిపించనివ్వనిది ఆ తర్వాత జరిగిన పనే: రాణి సమాధి రాళ్లను కొత్త సమాధికి తరలించకుండా జనం తొక్కే వంతెనకు వాడటం. స్థలం మార్చడానికి నియమం ఉంది గాని, రాళ్లు మార్చడానికి ఏ నియమమూ లేదు.

ఇంకో ముఖ్యమైన సాక్ష్యం ఉంది. 1409 నాటి తరలింపును నమోదు చేసిన రాజవృత్తాంతం ఆమెను ‘సిన్‌దొక్ వాంగ్హు కాంగ్’ అనే రాసింది. పేరు తియ్యలేదు, చోటు తీసేశారు. పూజలు కూడా పూర్తిగా ఆగలేదు, వాటి స్థాయి పడిపోయింది. అప్పటికి చట్టం ఏదీ ఆమె భార్య కాదని చెప్పలేదు. భార్య ఉండగా మరో భార్యను చేసుకోకూడదన్న నియమం 1413లో వచ్చింది, ఆమె పోయిన 17 ఏళ్లకు. భార్యల పిల్లలనూ ఉంపుడుగత్తెల పిల్లలనూ వేరుచేసి రెండోవారికి ఉన్నతోద్యోగాలు మూసేసే విధానం 1415లో మొదలైంది. 1416లో థేజోంగ్ కొలువులో మారుటి తల్లి అంటే ఎవరని అడిగాడు. తల్లి పోయాక ఆమె స్థానంలో వచ్చినది అని మంత్రి యు జొంగ్‌హ్యొన్ చెప్పాడు. అలాగైతే జొంగ్నుంగ్ నాకు మారుటి తల్లి అవుతుందా అని రాజు మళ్లీ అడిగాడు. సినుయి బతికుండగానే వచ్చింది కనుక కాదని జవాబు వచ్చింది. తెలుగులో ఈ తేడాకు మాటలున్నాయి. తల్లి పోయాక వచ్చినామె మారుటి తల్లి, తల్లి ఉండగా వచ్చినామె సవతి తల్లి. ఇప్పటి వాడుకలో రెండూ కలిసిపోయాయి గాని, ఆ కొలువులో ఒక రాణి హోదా మొత్తం ఈ తేడా మీదే నిలబడింది.

గోర్యో వాడుకలో ఇద్దరూ భార్యలే. జోసన్ కొత్త కొలతలో భార్య ఒక్కతే ఉండాలి, మిగతావాళ్లు ఉంపుడుగత్తెలు. పాత వాడుకలో చేసుకున్న పెళ్లిని కొత్త కొలతతో కొలిచారు. 1413 చట్టమే ఆమెను దించిందని అనలేం, చట్టానికి మూడేళ్ల ముందే రాళ్లు వంతెన కింద ఉన్నాయి. అంటే చేసిన పనికి సరిపడే నిర్వచనం తర్వాత వచ్చింది. ఆ చట్టం ఆమె కోసమే చేశారనడం కూడా అతి అవుతుంది, కన్ఫ్యూషియన్ గృహనియమాలను దేశమంతటా నాటడం కొత్త రాజ్యం పెట్టుకున్న పెద్ద పని. అయితే సింహాసనం మీది మనిషికి ఈ విషయంలో సొంత అవసరం ఉంది. కాంగ్ పట్టపురాణి అయితే ఆమె కొడుకు న్యాయమైన యువరాజు అవుతాడు, అతన్ని చంపి వచ్చిన రాజ్యం దోపిడీ అవుతుంది.

పునరుద్ధరణ

ఇతర రాణుల హోదా పోయిన తీరుతో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. దాన్‌జోంగ్ రాజు తల్లి హ్యొన్‌దొక్ 1441లో పోయింది. 1457లో ఆమె బిరుదులు తీసేసి సామాన్యురాలిగా ప్రకటించి సమాధి తవ్వించారు. 1513కల్లా ఆ నిర్ణయం రద్దై ఆమె భర్త పక్కకు చేరింది, అంటే 56 ఏళ్లకు. ఆ పని చేసిన రాజు జుంగ్‌జోంగ్ ఆమెను దించిన రాజు సేజో వంశీకుడే. కాబట్టి వారసులు పూర్వీకుడి తప్పు ఒప్పుకోలేరన్న ఒక్క కారణంతో సిన్‌దొక్ ఆలస్యాన్ని వివరించలేం. హ్యొన్‌దొక్ పోయేనాటికి ఆమె భర్తకు మరో ధర్మపత్ని లేదు కదా, పోలిక కుదరదు అనవచ్చు. ఆ అభ్యంతరం సరైనదే, తేడాలో కొంత భాగం అదే. మిగతా భాగం మాత్రం పని జరిగిన పద్ధతిది. ఆజ్ఞ ఉంటే దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. లేని ఆజ్ఞను రద్దు చేయమని ఏ మంత్రీ అర్జీ పెట్టలేడు. ముందు ఏం పోయిందో చెప్పాలి, తర్వాత ఎవరు తీశారో చెప్పకుండా తప్పించుకోవాలి.

ఈ మౌనాన్ని కదిపింది పండితులు కాదు. సొంజో పాలనలో (1567–1608) రాణి పుట్టింటి వంశంవాడొకడు రాజు ఊరేగింపుకు అడ్డుపడి, రాణుల బంధువులకు సైనిక సేవ మినహాయింపు ఉండగా తనను ఎందుకు పట్టుకెళ్తున్నారని అడిగాడు. అప్పటికి సమాధి ఎక్కడుందో అధికారులకే తెలియదు, వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. 1581లో రాజు తప్పులు ఎత్తిచూపే విమర్శక శాఖలు ఆమె ఫలకాన్ని వంశాలయంలో చేర్చమని కోరాయి. రాజు ఒప్పుకోలేదు. 88 ఏళ్ల తర్వాత, 1669లో, హ్యొంజోంగ్ కాలంలో మంత్రి సోంగ్ సియొల్ మళ్లీ అర్జీ పెట్టాక పని జరిగింది. ఆమె ఫలకం జోంగ్మ్యోలో థేజో గదిలోకి చేరింది, ‘సున్‌వొన్ హ్యొన్‌గ్యొంగ్’ అన్న గౌరవనామం కలిసింది. ఆ సందర్భంలో జొంగ్నుంగ్ దగ్గర పూజ చేసిన రోజు పెద్ద వాన కురిసిందనీ, మనోవేదన కడిగిన వాన అని జనం అనుకున్నారనీ చెబుతారు. 1680లో కొడుకులిద్దరికీ మహారాజకుమారుల బిరుదులు వచ్చాయి. 1899లో గోజోంగ్ చక్రవర్తి వంశమూలపురుషుణ్ని చక్రవర్తిగా ప్రకటించినప్పుడు ఆమె కూడా ‘సిన్‌దొక్ గోహ్వాంగ్హు’, అంటే మహారాణి నుంచి సామ్రాజ్ఞి, అయింది.

1669 నాటి నిర్ణయాన్ని ఆలస్యంగా జరిగిన న్యాయం అని మాత్రమే చెప్పడం కూడా చాలదు. పదేళ్ల కిందటే, 1659లో, రాజు హ్యోజోంగ్ పోయినప్పుడు అతని మారుటి తల్లి జాఉయి రాణి ఎన్నాళ్లు సంతాప వస్త్రాలు ధరించాలన్న దానిపై కొలువు రెండుగా చీలింది. సోంగ్ సియొల్ ఆ వివాదంలో ఒక పక్షానికి పెద్ద. రెండో భార్య ఎవరు, మొదటి కొడుకు ఎవరు అన్న ప్రశ్నలు ఆ తరానికి పాత చరిత్ర కాదు, నడుస్తున్న రాజకీయం. థేజో స్వయంగా పట్టం కట్టిన రాణికి చోటు లేకపోవడం వాళ్ల శాస్త్రానికే వెలితి. థేజోంగ్‌ను వేలెత్తి చూపకుండా థేజో సంకల్పాన్ని ఆధారం చేసుకునే దారి కూడా ఇందులో ఉంది. ఆమెను దించినప్పుడూ ఎత్తినప్పుడూ వాడిన సూత్రం ఒకటే: ధర్మపత్ని స్థానం పవిత్రమైనది. ఎవరా ధర్మపత్ని అన్న దానికే జవాబు మారింది.

ప్రస్తుత స్థితి

థేజో, ఇద్దరు రాణులు మూడు చోట్ల ఉన్నారు. థేజో సియోల్‌కు తూర్పున గూరిలో, సినుయి ఉత్తర కొరియాలోని కేసొంగ్ దగ్గర జేరుంగ్‌లో, సిన్‌దొక్ సియోల్ ఉత్తర భాగంలో. 2009లో యునెస్కో జాబితాకెక్కిన 40 జోసన్ రాజసమాధుల్లో జొంగ్నుంగ్ ఒకటి. జేరుంగ్ ఉత్తరాన ఉండటం వల్ల ఆ జాబితాలో లేదు. ఫలకాలు మాత్రం మూడూ జోంగ్మ్యో మొదటి గదిలో కలిసే ఉన్నాయి.

జొంగ్నుంగ్ దిబ్బ చుట్టూ ఇప్పటికీ రాతి పలకలు లేవు. సేనానుల విగ్రహాలు లేవు, పండిత ఉద్యోగుల జంట ఒక్కటే ఉంది. పాత చోటు నుంచి వచ్చినట్టు గుర్తించిన వాటిలో గోర్యో శైలి రాతి దీపస్తంభం ముఖ్యమైనది. 1669లో ఫలకం తిరిగొచ్చింది గాని పలకలు రాలేదు. అవి చొంగ్గ్యేచొన్ వాగు మీది గ్వాంగ్‌థోంగ్గ్యో కింద, వంతెన రెండు కొసల గోడల్లో ఉన్నాయి. 1950ల చివర్లో వాగును కాంక్రీటుతో కప్పేసినప్పుడు చీకట్లోకి వెళ్లి, 2005లో వాగును తెరిచినప్పుడు వెలుగులోకి వచ్చాయి. నీటి పక్కన నడిచేవాళ్లకు వాటి మీద సుడులు తిరిగే మేఘాలు, చేతులు జోడించిన దేవతామూర్తులు చాలా దగ్గర్లోనే కనిపిస్తాయి. కొన్ని పలకలను తలకిందులుగా పేర్చారు. ఆ పేర్పును అలాగే ఉంచారు.